ఏరి కలిపిన ఎముకలు

“నోరు తెరువుండ్రి అన్నా. దూదిపుల్లతోని బుగ్గ లోపట రుద్దుత, గంతే,” అంది డీఎన్ఏ ల్యాబులో పనిచేసే భాగ్యలత.

కువైట్ సల్వాలో ఇంటి డ్రైవరుగా చేసే చిన్నపుల్లయ్య నోరు తెరవలేదు. “ఎవురి కోసరమో చెప్పుమ్మా ముందు.”

“ఈడనే, కువైట్ల వఫ్రా తోటల కాడ పాత ఎముకలు దొరికినయ్. ఎవలయో తెలువలే. మీ మేనత్త మనుమడు తన వంశం తెలుసుకుందామని ఉమ్మి పరీక్ష చేయించుకున్నడట. ఆయనతోని కలిసినయ్. అట్ల వెతుక్కుంట మీ దాంక వచ్చినం. మీ ఇంట్ల ఎవలన్న తప్పిపోయిండ్రా?”

“మాయన్న గంగాధర్ వఫ్రాలోనే పని చేస్తాండె. తప్పిపోలేదు, చచ్చిపోయినాడు. పెట్టె ఊరికొచ్చింది. నేనే కొరివి పెట్టినా.”

“మొఖం చూసిండ్రా?”



“చూసే మాదిరి లేదు, తెరవద్దన్నారు. పెట్టె మింద పేరుండె గదా. మా వదిన ఆ పెట్టె మిందనే పడి గాజులు పగలగొట్టుకున్యాది.”

భాగ్యలత పుల్ల దించేసింది. చిన్నపుల్లయ్య దాన్నే చూస్తూ, తనంతట తానే నోరు తెరిచాడు. ఆమె రుద్ది, పుల్లను గొట్టంలో పెట్టి మూత బిగించింది.

“మేము కాల్చినోనికీ ఇల్లుంటాది గదమ్మా. వాళ్లూ ఒకనాడు ఇట్లనే వచ్చి నోరు తెరుస్తారు.”

“వస్తరన్నా.”

“వస్తే, దేంతో కలిపి చూస్తావు? ఒక్క ఎముక గూడా మిగలకుండా బూడిదంతా జల్లించి, ఏరి, పెన్నలో కలిపినా.”