ఆఖరి గంట తర్వాత

“కూర్చోండి తిరుపతిరావుగారూ, కూర్చుని మాట్లాడండి,” అన్నారు హెడ్మాస్టరు జగన్నాథరావు.

“కూర్చునేది లేదండి. ఇవాళ ఏదో ఒకటి తేలాలి. పిల్లలకి రోజూ నాలుగు గీతా శ్లోకాలు చెప్పనిస్తారా లేదా?”

“శ్లోకాలు చెప్తే బైబిలు వాక్యమూ చెప్పాలి. ఆయనకొక న్యాయం, మాకొకటీనా?” అన్నారు గదిలో ఆ చివర కూర్చున్న కృపారావు.

జగన్నాథరావు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఈ హైస్కూలుకి బదిలీ మీద వచ్చి రెండు నెలలైంది. వేసవికి రిటైర్మెంటు. మిగిలిన నాలుగు రోజులూ గుట్టుగా గడిస్తే చాలనుకుంటే, పేరెంట్స్ మీటింగు పెట్టినప్పుడల్లా ఇదే గోల. తిరుపతిరావుకి జగ్గయ్యపేట బజార్లో హోల్‌సేల్ కిరాణా ఉంది. కృపారావు వత్సవాయిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. “మా మనవరాలు మీ ఆరో తరగతేనండి” అని ఆయనా చెప్పారు, ఈయనా చెప్పారు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఏం చెప్పినా హెడ్మాస్టరుకే చెప్తారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

“గవర్నమెంటు బళ్ళో మతం చెప్పకూడదండీ. రూలు ఒప్పుకోదు.”

“బడి టైములో వద్దులెండి. ఆఖరి గంట కొట్టాక ఓ అరగంట,” అన్నారు తిరుపతిరావు.

“అప్పుడైనా బడి బడేగా! పొద్దున్నుంచీ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే వరసలో నిలబడి అన్నం పెట్టించుకునే పిల్లలండీ. సాయంత్రమయ్యేసరికి నువ్వా గది, నువ్వీ గది అని ఏ నోటితో చెప్పమంటారు?”

“మా దేవిశ్రీకి పదకొండేళ్ళొచ్చాయి. ఒక్క శ్లోకం రాదు. నా ప్రాణం ఉసూరుమంటోందండీ,” అన్నారు తిరుపతిరావు.

“మా మహిమకి ఒక్క కీర్తనా రాదు. మా ఆవిడ బేబి ఆ బెంగతోనే పోయింది,” అన్నారు కృపారావు.

ఇంటి పిలుపొకటి, రికార్డులో పేరొకటి ఉండడం ఈ వైపు మామూలే. అందుకని ఆ దేవిశ్రీ ఎవరో, ఆ మహిమ ఎవరో జగన్నాథరావు ఎప్పుడూ ఆరా తియ్యలేదు.

“అంత బెంగున్నవాళ్ళు మీకు నచ్చిన ప్రైవేటు స్కూల్లోనే వేసుకోవచ్చుగా? మీకేం తక్కువ?” అన్నారు విసుగ్గా.

ఇద్దరూ గతుక్కుమన్నారు.

“మా అమ్మాయి మొండిదండీ. నా మాట వింటేగా!” అన్నారు తిరుపతిరావు.

“మావాడూ అంతే. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.”

హమ్మయ్య, ఒక్క విషయంలో అయినా కలిశారు అనుకున్నారు జగన్నాథరావు. అంతలో ఆరో తరగతి లీడరు వెన్నెల అటెండెన్సు రిజిస్టరు తీసుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పిల్లని చూసి పెద్దలిద్దరూ గొంతు తగ్గించారు. ఆ పిల్ల రిజిస్టరు బల్లమీద పెట్టి, తల వంచుకుని గబగబా వెళ్ళిపోయింది.

మళ్ళీ మొదలు. సాయంత్రం దాకా వాళ్ళు అలిసిపోలేదు. జగన్నాథరావుకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

“సరే, కానివ్వండి,” అనేశారు చివరికి. “ఇష్టమైన పిల్లలే ఉంటారు. చెప్పుకునేది మీరే. మా టీచర్లని ఇందులోకి లాగకండి.”

ఆ మాట అన్నాక నోరంతా చేదుగా అయిపోయింది. నచ్చి కాదు, ఓపిక లేక ఒప్పుకున్నారాయన. వాళ్ళు వెళ్ళాక, మధ్యాహ్న భోజనం వండే దుర్గాంబ టీ తెచ్చిచ్చి అక్కడే నిలబడింది.

“సార్, ఆ ఇద్దరి సంగతీ మీకు తెలీదు గానీ...”

“నువ్వు కూడా మొదలెట్టకు తల్లీ. నీకో దణ్ణం.”

దుర్గాంబ వెళ్ళిపోయింది.

సోమవారం ఆఖరి గంట కొట్టారు. ఒక గదిలో తిరుపతిరావు పటికబెల్లం పొట్లంతో తయారుగా ఉన్నారు. పక్క గదిలో కృపారావు బిస్కెట్ ప్యాకెట్లతో కూర్చున్నారు. పిల్లలు వరండాలో కాసేపు తికమకపడ్డారు. కొందరు సైకిళ్ళెక్కి ఇళ్ళకి పోయారు. మిగిలినవాళ్ళలో చేతులు పట్టుకుని నడిచొచ్చిన ఇద్దరు ఆడపిల్లలు గుమ్మాల దగ్గర చేతులు వదిలేసి చెరో గదిలోకి వెళ్ళారు. అది చూసి జగన్నాథరావు ఛ, ఎందుకొప్పుకున్నానురా భగవంతుడా అనుకున్నారు.

అంతలోనే తిరుపతిరావు గుమ్మంలోకొచ్చారు.

“సార్! మా దేవిశ్రీ రాలేదు. ఆ గదిలోకి లాక్కుపోయారేమో కనుక్కోండి.”

కృపారావు కూడా బయటికొచ్చారు.

“మా మహిమే కనపట్టం లేదు! ఆయనే బెల్లం ఆశపెట్టి పిలుచుకున్నారేమో అడగండి.”

“నేనా?”

“మరి నేనా?”

లోపల పిల్లలంతా చదువు మానేసి తలుపుల దగ్గరికొచ్చి చూస్తున్నారు. జగన్నాథరావు నుదురు పట్టుకున్నారు.

“దుర్గాంబా! ఆ పిల్లలిద్దరూ ఎక్కడున్నారో కాస్త చూసి తీసుకురామ్మా.”

దుర్గాంబ ఆయన వంక జాలిగా చూసి, వంటషెడ్డు వెనక్కి వెళ్ళింది. కాసేపటికి ఒక పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. వెన్నెల!

“ఇద్దర్ని తెమ్మంటే మా లీడర్ని తెచ్చావేమిటి దుర్గాంబా? ఏమ్మా, నువ్వెందుకేడుస్తున్నావు?”

గుమ్మాల్లోంచి పెద్దలిద్దరూ ఒకేసారి ఆ పిల్ల వైపు ఓ అడుగు వేసి ఆగిపోయారు. వెన్నెల ఒకసారి ఈ గుమ్మం వైపు, ఒకసారి ఆ గుమ్మం వైపు చూసి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“తాతయ్యలిద్దరూ నాకోసం కొట్టుకోకూడదనే అమ్మావాళ్ళు నన్నీ బళ్ళో వేశారండి.”