మెత్తని మాట

తెల్లవారేసరికి పడమట మబ్బు కమ్మింది. పొలం నుంచే నా భార్య సామ్రాజ్యానికి కేకేశాను, "కల్లంలో కాయల మీద పట్టా కప్పవే, తొందరగా."

మా ఊళ్లో ఆలుమగలందరి చెవుల్లోనూ బిళ్లలుంటాయి. మాటలోని కోపం తీసేసి, ఎంత దూరానున్నా అవతలి చెవికి చేరవేస్తాయి. పిల్ల పుట్టాక తగాదాలు ముదిరి మేమూ పెట్టించుకున్నాం. నాలుగేళ్లుగా అన్నీ వాటితోనే చెప్పుకుంటున్నాం. గొడవన్నది లేదు.

నేను ఇల్లు చేరేసరికి పక్క కల్లంలో మిరపకాయలు వాన నీళ్లలో తేలుతున్నాయి. ఆమె లోపల పిల్లకు జడ వేస్తోంది.

"చెప్పాను గదే."

"వీలు చూసుకుని కప్పమన్నావు. జడ అయినాక పోదామనుకున్నా, ఈలోగా దంచేసింది."

"నేను అరిచాను."

ఆమె దువ్వెన ఆపింది. "మొన్న పిల్లకి జొరమొచ్చినప్పుడు నేనూ అరిచానయ్యా, భయమేస్తంది రమ్మని. నీకేమని వినపడింది?"

"తీరిక దొరికితే రమ్మని."

"అందుకా, పొద్దుగూకినాక వచ్చావు."

ఇన్నాళ్లూ ఇంకేమేం వినలేదోనని నాకు గుబులు పట్టుకుంది. బిళ్ల తీసి గూట్లో పెట్టాను. ఆమె కూడా తీసింది.

"ఇక తిట్టుకుంటామేమో," అన్నాను.

"తిట్టుకుందాం. ముందు అన్నం తిను."

ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. పిల్ల మా మొహాలు మార్చి మార్చి చూస్తోంది.