ఒంటి మీది వాతలు

"ఈమెను కట్టేసి కొట్టిందెవరు?"

బొమ్మల ప్రదర్శన జరుగుతున్న హాల్లో అందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. ఇన్‌స్పెక్టరమ్మ లాఠీ గోడ మీది పెద్ద బొమ్మను చూపిస్తోంది. బొగ్గుతో గీసిన ఆడమనిషి వీపు. భుజాల మీద లోతుగా దిగిన చారలు. నడుము చుట్టూ తాడుతో బిగించినట్టు కమిలిన వాత. పిక్కల చుట్టూ సంకెళ్ళు వేసినట్టు గుర్తులు.

"ఎవరూ కొట్టలేదు మేడం," అంది బొమ్మలావిడ, బొగ్గు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "తనే రోజూ బిగించుకుంటుంది."

"ఆహా! తలుపు తగిలిందనే వాళ్ళను చూశాను, మెట్ల మీంచి జారిపడ్డాననే వాళ్ళను చూశాను. ఈమె తనే బిగించుకుందట! నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా? నిజం చెప్పకపోతే ఈ బొమ్మను సాక్ష్యంగా స్టేషన్‌కు పట్టుకెళ్తా!"

"దండం పెడతా మేడం, బొమ్మ మాత్రం తీసుకెళ్ళకండి."

ఇన్‌స్పెక్టరమ్మ బొమ్మ దగ్గరకు జరిగింది. కోపం కోపమే గానీ, చూపు తిప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. ఎముక ఉన్నచోట బొగ్గు పలచబడింది, కండ ఉన్నచోట చిక్కబడింది. చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుందేమో అన్నట్టుంది ఆ వీపు. ఇప్పుడో ఇంకాసేపటికో ఊపిరి వదిలేలా ఉంది.

"నీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ తల్లీ, ప్రాణం పోశావు," అంది గొంతు తగ్గించి. "అందుకే అడుగుతున్నా. ఇంత దగ్గరగా చూసినదానివి, ఆమెను ఆ నరకంలో ఎలా వదిలేసి వచ్చావు? పేరు చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

"చెప్పనని మాటిచ్చాను మేడం."

"మాటా లేదు, మూటా లేదు! రేపు పొద్దున్నకల్లా ఆమె నా ముందు నిలబడాలి. లేదంటే నువ్వు లోపలుంటావు."

ఇంటికి చేరినా ఆ వీపే ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళముందు ఆడుతోంది.

"అమ్మా, అన్నం చల్లారిపోతోంది!" వంటగదిలోంచి కూతురు కేకేసింది.

"వస్తున్నానే, ముందీ వేషం విప్పనీ!"

గది తలుపు వేసుకుంది. బెల్టు తీసింది. భుజం మీది పట్టీ తీసింది. బిగుతు చొక్కా, దాని కింద అంతకన్నా బిగుతుగా ఉన్న లోపలి బట్టలు, పిక్కలను కరుచుకున్న మేజోళ్ళు, ఒక్కొక్కటీ ఒలిచి మంచం మీద పడేసింది. హమ్మయ్య అనుకుంటూ తువ్వాలు అందుకోవడానికి పక్కకు తిరిగింది. వెనకనున్న నిలువుటద్దంలో తన వీపు కంటబడింది. భుజాల మీద అవే చారలు, నడుము చుట్టూ అదే వాత, పిక్కల చుట్టూ అవే గుర్తులు.

రేపటిదాకా ఆగే పని లేకపోయింది. బాధితురాలు అద్దంలో నిలబడి ఉంది.