మసీదు ట్యాంకు

"ఓ భిక్షపతీ! నిచ్చెన ఏది?"

మసీదు ముంగిట భూమిలోకి కట్టిన నీళ్ల ట్యాంకు అడుగున నిలబడి అంకూస్ కేకేశాడు. రంజాన్ నాలుగు రోజుల దూరంలో ఉంది. నమాజుకు ముందు అందరూ కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకునే నీళ్లు కదా అని, కరెంటు పోయిన సమయం చూసుకుని ట్యాంకు కడగడానికి దిగాడు. ఇందాక గోడలు రుద్దుతుంటే మైకుసెట్టు భిక్షపతి పైనుంచి తొంగిచూశాడు.

"మీనార్ మీద హారన్లు కట్టాలె, జర నిచ్చెన తీస్కపోత అంకూసన్నా!"

చేతిలోని మైకును ట్యాంకు మూత పక్కన పెట్టి, ఊ అనేలోపే నిచ్చెన లాక్కుపోయాడు. ఆ తర్వాత హారన్లు బిగిస్తున్న చప్పుడు వినబడింది. ఇంకో హారన్‌కు వైరు చాలలేదని గొణుగుతూ బండి స్టార్ట్ చేసిన చప్పుడూ వినబడింది. వైరు తేవడానికి పాలకుర్తికి పోయి ఉంటాడు. అంతే, మళ్లీ అలికిడి లేదు.

"పైన ఎవలన్న ఉన్నరా?"

తలెత్తితే చాపంత ఆకాశం. దాని అంచున వేలాడుతున్న గళ్ల తువ్వాల కొస. ఆ తువ్వాల అన్న మదార్‌ది. తను దిగేటప్పుడు మదార్ అక్కడే కూర్చుని నమాజు చాపలు దులుపుతున్నాడు. అన్నదమ్ములిద్దరూ అదే మసీదుకు వస్తారు గాని ఒక వరుసలో నిలబడరు. అమ్మీ పోయిన నాటినుంచి వాళ్లకు మాటల్లేవు.

భయ్యా అని పిలవడానికి అంకూస్‌కు నోరు రాలేదు. గోడకేసి తిరిగాడు.

"కొందరికి చెవులు పనిచేస్తలేవు గావచ్చు."

తువ్వాల కొస కదిలింది.

"నిచ్చెన మీనార్ కాడనే ఉంటది. అందిస్తె చేతులు అరిగిపోతయా?"

అప్పుడే కరెంటొచ్చింది. మోటరు గుర్రుమంది. కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్‌ను ఆపడం మరిచిన సంగతి అంకూస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పైన ఏదో కీచుమంది. మోటరు బేరింగు పోయిందనుకున్నాడు. పైపులోంచి నీళ్లు దబదబా మీద పడ్డాయి. గోడకు చేతులేసి పాకబోయాడు. తనే నున్నగా రుద్దిన గోడ, పట్టు దొరకలేదు. అతనికి ఈత రాదు.

నీళ్లు మోకాళ్లు దాటాయి. నడుముకొచ్చాయి. ఊపిరి ఛాతీలోనే తిరుగుతోంది గాని బయటికి రావడం లేదు.

మొన్న జుమ్మానాడు ఇమాం సాబ్ చెప్పిన మాట తలలో మెదిలింది. 'చేప కడుపుల చిక్కినప్పుడు యూనుస్ నబీ ముందుగాల ఏమన్నడు? తప్పు నాదే అన్నడు. మీరు సుత రోజా పట్టకముందే గుండెను కడుక్కోండ్రి. కుళ్లు లోపల పెట్టుకోని ఉపాసముంటె మిగిలేది ఆకలే.'

ఆ రోజు ఆ మాటకు అంకూస్ తల వంచుకున్నాడు. ఇప్పుడు తలెత్తాడు.

"భయ్యా!"

తన గొంతు తనకే పెద్దగా, బొంగురుగా వినబడింది. ట్యాంకు గుణం అనుకున్నాడు.

"భయ్యా, ఇను. అమ్మీ దవాఖానల ఉన్నప్పుడు నిన్నే కలవరించింది. మదార్‌ను పిలువురా అన్నది. నేను పిలువలే. ఫోన్ చేస్తె స్విచ్చాఫ్ వస్తున్నదని అమ్మీకి అబద్ధం చెప్పిన. సాకిరంత నేను జేస్తె, ఆఖరికి నువ్వొచ్చి ఒళ్లె తల పెట్టుకుంటవని కడుపుమంట. మట్టి వేసే కాడ ఊరందరి ముంగట నిన్ను నిలబెట్టి, ఎన్నిసార్లు పిలిచినా తల్లిని చూడ రాలేదని తిట్టిన. నువ్వు నోరెత్తలే. ఊరు నీ మీద ఉమ్మింది. ఒక్కసారి సుత పిలువలే భయ్యా! తప్పు నాదే!"

తువ్వాల ఊగింది.

"ఇగ నిచ్చెన ఏస్తవో ఎయ్యవో నీ ఇష్టం."

నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. వింతగా, ఊపిరి మాత్రం సాఫీగా ఆడింది. గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

కాసేపటికి ఎవరో మోటరు ఆపారు. దభీమని నిచ్చెన దిగింది. వెంటనే ఒక చెయ్యి కిందికొచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని అంకూస్ బయటపడ్డాడు. ఎదురుగా మదార్. రొప్పుతున్నాడు. మోకాళ్లదాకా పొలం బురద, కాళ్లకు చెప్పుల్లేవు.

"ఇంతసేపు పైన్నే కూసోని పలుకవైతివి," అన్నాడు అంకూస్ వణుకుతూ. "నీ తువ్వాల కనబడుతనే ఉండె."

"తువ్వాల మరిచిపోయిన. నువ్వు దిగంగనే నేను మడికి పోయిన."

"మడికా? ఏటవతలికా? మరి నీకెట్ల ఇనబడ్డది?"

మదార్ తువ్వాల తీసి తమ్ముడి తల తుడిచాడు. ఆ తర్వాత వంగి, మూత పక్కనున్న మైకును నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"ఇగ ఎవలు పరేషాన్ కాకుండ్రి. నా తమ్ముడు బయటికొచ్చిండు," అన్నాడు. మీనార్ మీది హారన్లు ఆ మాటను ఊరంతా వినిపించి, ఏటవతలి మళ్లదాకా మోసుకుపోయాయి.