చుక్క తర్వాత రెండో అంకె

“నాలుగు రోజులుగా ఒకటీ పాయింట్ ఏడు కిలోలేనా తల్లీ? వీడు ఎదగడం లేదా?” గాజుపెట్టెలోని మనవణ్ణి చూస్తూ అడిగింది అమ్మమ్మ.

“ఎదుగుతున్నాడు మామ్మగారూ. రిజిస్టరు గడిలో చుక్క తర్వాత ఒక్క అంకెకే చోటు. దగ్గరి అంకెకు సవరించి రాస్తాం.” నర్సు తూకం మెషిన్ నొక్కి పాత లెక్కలు చూపించింది. 1.66, 1.69, 1.71, 1.74.

“ఇవన్నీ ఏడేనా?”

“దగ్గరగా ఉన్నది అదే మరి.”

“మీ దగ్గరితనం మండా! ఆ ఏడు చూసే నా కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. పోయేవాడి మీద ప్రేమ ఎందుకు పెంచుకోవాలి అంటోంది. రెండో అంకె కూడా రాయి.”

“గడిలో పట్టదండీ.”

“అయితే ఇందులో రాయి,” అంటూ అరచెయ్యి చాపింది.

నర్సు రాసిన నాలుగు తూకాల సిరా చెమటకు ఎక్కడ చెరిగిపోతుందోనని ఊదుకుంటూ, పరుగులాంటి నడకతో వార్డుకు వెళ్లింది. కూతురి ముఖం ముందు అరచెయ్యి పెట్టి, విన్నదంతా ఒక్క గుక్కలో చెప్పింది.

కూతురు ఒక్కో అంకెనూ వేలితో తడిమింది. మెల్లగా లేచి కూర్చుంది.

“రేపు తూకం ఎన్నింటికమ్మా?”