ఖాళీ కొక్కెం

ఎలుక చచ్చాక కూడా దాని పేగుముక్క గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముడుచుకుంటూనే ఉంటుంది. దానికి నొప్పి తెలుస్తుందా అన్నది మందులు పరీక్షించే బాతెల్ ల్యాబ్‌లో పనిచేసే కనకదుర్గకు ఏళ్లనాటి సందేహం.

ఆ రాత్రి పేగువాపు మందు వేయగానే కొక్కేనికి వేలాడే కండరం సడలి, దాని కదలికను చూపే తెరమీద గీత చదునైంది. ఆమె అలసటగా కొక్కెం నుంచి ముక్కను తీసి పారేసింది. ఖాళీ కొక్కెం ఊగలేదు. గీత మాత్రం ఊపిరిలా మళ్లీ లేచింది.

పగటి షిఫ్టు రఘువీర్‌కు ఫోన్ చేసింది.

"సెన్సార్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది ఆంటీ. ఆఫ్ చేసి ఇంటికెళ్లండి."

"వైరే పీకేశాను నాయనా. అయినా కదులుతోంది."

ఆమె ఫోన్ పెట్టేసింది.

పోయే ప్రాణికి తులసి తీర్థం పోయాలి. ఇన్నేళ్లలో ఆమె ఒక్క ఎలుకకూ పోయలేదు. బ్యాగులోని గుడి తీర్థం సీసా తీసి, తెరవైపు చూడకుండా, "గోవిందా" అంటూ ఆ ఉప్పునీళ్లలో ఒంపి బాకీ తీర్చుకుంది.