వయోలా లేని టేపు

అయిదింటికే చీకటి పడింది. కాలేజీ నుంచి వచ్చి బేస్‌మెంట్‌లోకి దిగబోతుంటే ఇంటావిడ శాంత ఆంటీ పిలిచింది.

"నాకు చెవులు పోయి మంచే జరిగింది కిరీటీ. కింద అద్దెకున్న మీ ఆరుగురి గోల తప్పింది."

చనిపోయిన ఆమె భర్త భరద్వాజ్ గారు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయించేవారు. ఒక గ్రీకు స్వరకర్త రాసిన గరుకైన క్వార్టెట్, నాలుగు వాద్యాల కూర్పు, ఆయనకు ప్రాణం. ఆయన ఇంట్లో సాధన చేసుకోవడానికని మిగతా ముగ్గురు వాద్యకారులూ వయోలా లేకుండా తమ భాగాలే టేపు చేసి ఇచ్చారు.

"రేపు మా అమ్మాయి నన్ను రిచ్‌మండ్ హిల్‌లో తనింటికి తీసుకుపోతానంటోంది. ఆయన ఇక్కడే ఉంటే మాత్రం నేను కదలను. ఉంటే ఈ టేపుతో కలిసి వాయించకుండా ఉండలేరు. విని చెప్పు నాయనా, ఎన్ని వాద్యాలో."

టేపు తిరిగింది. రెండు వయొలిన్లు తలుపు గీకినట్టు మొదలయ్యాయి. మంద్రస్థాయిలో చెల్లో గొణిగింది. వాటి మధ్య ఇంకొకటి మెల్లగా అందుకుంది. ఒకచోట తప్పింది. ఆగి, అదే ముక్కను మళ్లీ వాయించింది. మిగతా మూడూ ఆగలేదు.

ఆంటీ నా చేతివైపే చూస్తోంది. పోయిన వారం, మేమెవరం ఇంట్లో లేని రాత్రి, ఆమె మెట్లమీద పడి, తెల్లారేదాకా ఒక్కతే అక్కడే ఉండిపోయింది.

నేను మూడు వేళ్లు చూపించాను.

ఆమె తలూపి, బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది. నా వెనక నాలుగో వాద్యం ఆగిపోయింది. ఎవరో కమానును బల్లమీద మెల్లగా పెట్టిన చప్పుడైంది.